డైనింగ్ కుర్చీ చెప్పే కొలువుల కబురు

ఫోన్ కొనాలంటే ప్రాసెసర్ నుంచి బ్యాటరీ దాకా పాతిక వివరాలు చూస్తాం. రెండు వీడియోలు చూసి, ముగ్గురు ఫ్రెండ్స్‌ని అడిగి గానీ డబ్బు కట్టం. అదే డైనింగ్ కుర్చీ కొనాలంటే? రంగు, రేటు, మహా అయితే ‘టేకేనా?’ అన్న ఒక్క ప్రశ్న. అంతే. ఇన్నాళ్లూ ఆ మూడింటితో పని నడిచిపోయింది.

ఇప్పుడు కుర్చీకి కూడా స్పెసిఫికేషన్ల కాలం వస్తోంది. కేంద్ర ప్రభుత్వంలోని పరిశ్రమలు, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక విభాగం, అంటే డీపీఐఐటీ, 2025 ఫిబ్రవరిలో ఫర్నిచర్ నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు ఇచ్చింది. ఆఫీసు కుర్చీలు, మామూలు కుర్చీలు-స్టూళ్లు, బల్లలు, బీరువాల వంటి నిల్వ సామగ్రి, మంచాలు, బంక్ బెడ్లు దీని కిందికి వస్తాయి. వీటికి బీఐఎస్ ప్రమాణాలు పాటించి, ఐఎస్ఐ మార్కు వేయాలన్నది సారాంశం. సిద్ధం కావడానికి పరిశ్రమకు ఏడాది గడువిచ్చారు. మామూలు కుర్చీలకు వర్తించే ప్రమాణం పేరు ఐఎస్ 17632:2022. ఇలాంటి ఉత్తర్వుల తేదీలు, మినహాయింపులు మారుతుంటాయి కాబట్టి ఇంటర్వ్యూకి వెళ్లేముందు డీపీఐఐటీ వెబ్‌సైట్‌లో తాజా స్థితి చూసుకోండి.

‘మేం బీటెక్, డిగ్రీ చదువుతున్నాం. కుర్చీతో మాకేం పని?’ అంటారా? పని ఉంది. మన దగ్గర కుర్చీ చేయగల వడ్రంగులు ఉన్నారు. బొమ్మ గీయగల డిజైనర్లూ ఉన్నారు. కానీ ఆ బొమ్మని వెయ్యిసార్లు ఒకేలా తయారయ్యే వస్తువుగా మార్చి, అది గట్టిదని పరీక్షతో, సక్రమమైనదని కాగితంతో నిరూపించే మనిషి కావాలి. కొత్త నిబంధనలు అడుగుతున్నది సరిగ్గా ఆ మనిషినే. ఆ ఉద్యోగానికి ఒకే పేరంటూ లేదు. అందుకే జాబ్ పోర్టల్‌లో మనం దాన్ని వెతకం.

అందం ఒక్కటే డిజైన్ కాదు

డిజైనర్ కుర్చీ అనగానే వంపులు తిరిగిన వీపు, సన్నటి కాళ్లు, ఇన్‌స్టాగ్రామ్ ఫొటో గుర్తొస్తాయి. చరిత్రలో పెద్ద పేరు తెచ్చుకున్న కుర్చీలు చూస్తే కథ వేరేలా ఉంటుంది.

వియన్నాకు చెందిన థోనెట్ కంపెనీ 1859లో 14వ నంబరు కుర్చీని మార్కెట్లోకి తెచ్చింది. బీచ్ చెక్కను ఆవిరి పట్టి వంచి చేసిన ఆరు ముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లు. మొత్తం కుర్చీ అంతే. విడదీసిన 36 కుర్చీలు ఒక ఘనపు మీటరు పెట్టెలో పట్టేవి. అలా ఓడలెక్కి ప్రపంచమంతా తిరిగింది. 1930 నాటికి దాదాపు 5 కోట్ల కుర్చీలు అమ్ముడయ్యాయి. దాని గొప్పతనం వంపులో ఎంత ఉందో, ఆ పెట్టెలోనూ అంతే ఉంది.

డెన్మార్క్ డిజైనర్ హన్స్ వెగ్నర్ 1949లో గీసిన విష్‌బోన్ కుర్చీ ఇంకో ఉదాహరణ. కార్ల్ హాన్సెన్ అండ్ సన్ అనే సంస్థ 1950 నుంచి ఇప్పటిదాకా దాన్ని చేస్తూనే ఉంది. ఒక్కో కుర్చీకి వందకు పైగా దశలు, సీటు అల్లడానికి సుమారు 120 మీటర్ల కాగితపు తాడు. చాలా పని చేత్తోనే జరుగుతుంది. అయినా ఏ కుర్చీ తీసుకున్నా ఒకేలా ఉంటుంది. ఎందుకంటే ప్రతి దశకీ కొలత ఉంది, క్రమం ఉంది, సరిచూసే పద్ధతి ఉంది. మన భాషలో చెప్పాలంటే, ఆ కుర్చీకి మంచి డాక్యుమెంటేషన్ ఉంది.

మనం డిజైనర్ కుర్చీకి ఎక్కువ డబ్బు ఇస్తున్నామంటే అందులో చెక్క ధర కొంతే. మిగతాది ఈ తెలివికి, క్రమశిక్షణకి, నమ్మకానికి ఇస్తున్నాం. ఉద్యోగాలు ఉన్నదీ ఆ మిగతా భాగంలోనే. ఒక్కొక్కటిగా చూద్దాం.

చెక్క కదులుతుంది.. లెక్క కట్టండి

మెకానికల్, సివిల్ వాళ్లకి ఇది తెలిసిన పాఠమే. కాకపోతే కాలేజీలో స్టీలు, కాంక్రీటు మీదే లెక్కలు చేయించి ఉంటారు. స్టీలు ఏ దిక్కు నుంచి చూసినా దాదాపు ఒకేలా ప్రవర్తిస్తుంది. చెక్క అలా కాదు. నారల వెంబడి పొడవు దాదాపు మారదు. నారలకు అడ్డంగా మాత్రం గాలిలో తేమను బట్టి ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది.

చిన్న లెక్క వేద్దాం. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి వార్షిక వలయాల వెంబడి వెడల్పులో సుమారు 5 నుంచి 6 శాతం తగ్గుతుంది. ఈ కుదింపు మొదలయ్యేది చెక్కలో తేమ 30 శాతం దగ్గరికి వచ్చాక. లెక్క కోసం 5.4 శాతం అనుకుంటే, తేమ ఒక్క శాతం తగ్గినప్పుడల్లా వెడల్పు 0.18 శాతం తగ్గుతుంది. వానాకాలంలో విశాఖ లాంటి తీరప్రాంతంలో గాలిలో ఆర్ద్రత 80 శాతం ఉంటే చెక్కలో తేమ 16 శాతం దాకా నిలబడుతుంది. అమెరికాలో చలికాలం హీటరు వేసిన ఇంట్లో ఆర్ద్రత 30 శాతానికి పడిపోతే చెక్క తేమ 6 శాతం దగ్గరికి వస్తుంది. తేడా 10 శాతం. కుర్చీ సీటు 400 మిల్లీమీటర్ల వెడల్పున్న గట్టి చెక్క పలక అయితే, 400ని 10తో, 0.0018తో గుణించండి. 7.2 మిల్లీమీటర్లు!

ఆ పలకను నాలుగు వైపులా జిగురు పెట్టి బిగించేస్తే ఏమవుతుంది? అది కదలాలి, కదిలే దారి లేదు. పగులుతుంది. ఇక్కడ చేసిన కుర్చీని డాలస్‌లో ఉన్న అక్కయ్య వాళ్లింటికి పంపితే మొదటి చలికాలంలోనే సీటు మధ్య గీత పడటానికి కారణం ఇదే. ‘చెక్క మంచిది కాదు’ అని వడ్రంగిని తిట్టుకుంటాం. నిజానికి చెక్క తన ధర్మం తాను పాటించింది. ఎంత తేమ దాకా ఆరబెట్టాలో, స్క్రూ రంధ్రాన్ని గుండ్రంగా కాకుండా కోలగా ఎక్కడ పెట్టాలో ముందే లెక్క కట్టే మనిషి లేకపోవడం అసలు లోపం.

బలం సంగతీ చూద్దాం. భోజనమయ్యాక కుర్చీలో వెనక్కి వాలి ముందు కాళ్లు లేపే అలవాటు మనలో చాలామందికి ఉంది. సీటుకు 400 మిల్లీమీటర్ల ఎత్తున వీపు మీద 300 న్యూటన్ల బలం పడిందనుకోండి. సీటు దగ్గర 120 న్యూటన్-మీటర్ల మొమెంట్ వస్తుంది. రెండు వైపులా ఉన్న జాయింట్లు పంచుకుంటే ఒక్కోదానికి 60. సీటు కింది పట్టీ లోతు 60 మిల్లీమీటర్లయితే, జాయింట్ పైఅంచునీ కిందిఅంచునీ లాగే, నొక్కే బలం సుమారు 1000 న్యూటన్లు. అంటే దాదాపు వంద కిలోల బరువు వేలాడదీసినట్టు. పట్టీని 75 మిల్లీమీటర్లు చేస్తే అది 800కి తగ్గుతుంది. కాళ్ల మధ్య కింద అడ్డపట్టీ వేస్తే ఇంకా తగ్గుతుంది. ఇది సరళంగా వేసిన లెక్కే కానీ, పట్టీ లోతు, అడ్డపట్టీ ఎంత ముఖ్యమో చెప్పడానికి చాలు. సన్నటి కాళ్లు కావాలన్న డిజైనరుకీ, లావుగా ఉంచుదామన్న వడ్రంగికీ మధ్య తగవు వస్తే, తీర్పు చెప్పాల్సింది ఈ లెక్కే.

కుర్చీల ప్రమాణాలు చూసేవీ ఇవే: బలం, మన్నిక, పడిపోకుండా నిలబడే గుణం, భద్రత. ఒక్కసారి బరువు మోస్తే సరిపోదు. సీటునీ వీపునీ మళ్లీ మళ్లీ నొక్కి, జాయింట్లు వదులవుతాయేమో చూస్తారు. ఆ పరీక్ష చేసే ల్యాబ్ టెక్నీషియన్, ఫలితం చదివి డ్రాయింగ్ మార్చే ప్రొడక్ట్ ఇంజినీర్, ఫ్యాక్టరీలో రోజూ తేమ మీటరు పట్టుకుని తిరిగే క్వాలిటీ ఇంజినీర్.. ఇవన్నీ ఉద్యోగాలే.

పది కిలోల గీత

కుర్చీ బరువు తగ్గించడం రవాణా ఖర్చు కోసమే అనుకుంటాం. ఒక దశలో అది చట్టం సంగతి కూడా అయింది.

మన ఉత్తరాదిలో ఫర్నిచర్‌కి ఎక్కువగా వాడే షీషమ్, మన జిట్రేగి.. రెండూ డాల్బెర్జియా అనే ప్రజాతికి చెందినవి. అంతరించిపోయే జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం 2016లో ఈ ప్రజాతి మొత్తాన్ని తన రెండో అనుబంధంలో చేర్చింది. దాంతో 10 కిలోలు దాటిన ప్రతి షీషమ్ సరుకుకీ అనుమతి పత్రం తప్పనిసరైంది. ఏడాదికి వెయ్యి కోట్ల రూపాయలుగా అంచనా వేసిన షీషమ్ ఫర్నిచర్, హస్తకళా వస్తువుల ఎగుమతి 500-600 కోట్లకు పడిపోయిందని, సుమారు 50 వేల మంది కళాకారుల ఉపాధి దెబ్బతిన్నదని కేంద్రమే ప్రకటించింది.

2022 నవంబరులో పనామాలో జరిగిన సైటిస్ సమావేశంలో మన దేశానికి ఊరట దొరికింది. ఒక్కో వస్తువులో చెక్క బరువు 10 కిలోలలోపు ఉంటే, అలాంటివి ఎన్ని కలిపి పంపినా సైటిస్ అనుమతి అక్కర్లేదు. పైగా బరువు లెక్కలో చెక్కనే చూస్తారు. లోహపు భాగాలు వదిలేస్తారు.

ఇప్పుడు డిజైనర్ టేబుల్ దగ్గరికి రండి. షీషమ్‌తో చేసిన చేతుల కుర్చీ 10 కిలోల 400 గ్రాములు వచ్చింది. బలం తగ్గకుండా 500 గ్రాములు ఎక్కడ కోయాలి? సీటు కింద గుల్ల చేయాలా, వెనక కాలు కొస సన్నం చేయాలా? క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో చెక్క సాంద్రత ఇస్తే బరువు క్షణంలో వస్తుంది. కానీ ‘ఈ 10 కిలోల గీత ఎందుకు ముఖ్యం’ అన్నది సాఫ్ట్‌వేర్ చెప్పదు. అది తెలిసినవాడు కంపెనీకి అనుమతుల కోసం తిరిగే సమయాన్ని మిగిల్చిపెడతాడు. సాఫ్ట్‌వేర్ వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. సాఫ్ట్‌వేర్‌తో పాటు ఆ రంగం నిబంధన తెలిసినవాళ్లు తక్కువ. మీ రెజ్యూమెలో తేడా చూపించేది ఆ రెండోదే.

సీఎస్ఈ వాళ్లకీ, కామర్స్ వాళ్లకీ పని

ఐరోపా సమాఖ్య 2023లో అడవుల నరికివేతను అడ్డుకునే నిబంధన తెచ్చింది. చెక్క, చెక్క ఫర్నిచర్ కూడా దాని కిందికి వస్తాయి. 2020 డిసెంబరు 31 తర్వాత అడవి నరికిన నేల నుంచి వచ్చిన చెక్క కాదని చూపించాలి. అందుకోసం చెట్టు పెరిగిన స్థలం జియోలొకేషన్ ఇవ్వాలి. దీని అమలు రెండుసార్లు వాయిదా పడింది. అయినా అక్కడికి పంపే వ్యాపారులు ఇప్పటినుంచే సిద్ధం కావాల్సిందే.

ఆలోచించండి. ఒక కుర్చీలోని చెక్క నాలుగైదు రైతుల తోటల నుంచి, రెండు టింబర్ డిపోల మీదుగా రావచ్చు. ఏ దుంగ ఏ తోటది, ఏ పలక ఏ దుంగది, ఏ కుర్చీలో ఏ పలక ఉంది.. ఈ గొలుసు తెగకుండా నమోదు చేయాలి. డేటాబేస్, క్యూఆర్ కోడ్, మ్యాపింగ్, ఉపగ్రహ చిత్రాలు. కాలేజీలో ‘లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్’ అనే ప్రాజెక్టు మళ్లీ మళ్లీ చేసేకన్నా, ఒక టింబర్ డిపోకి వెళ్లి ఇలాంటి ట్రేసింగ్ సిస్టమ్ చేస్తే ఇంటర్వ్యూలో మాట్లాడటానికి బోలెడు ఉంటుంది.

కామర్స్ విద్యార్థులకైతే ఇదే కుర్చీ ఒక పన్నుల పాఠం. కస్టమ్స్ భాషలో చెక్క ఫ్రేముతో మెత్త కుట్టిన కుర్చీ 9401 61 కిందికి వస్తుంది. మెత్త లేనిది 9401 69. ఒక్క అంకె తేడా అని తీసిపారేయకండి. అమెరికా 2025 ఆగస్టులో మన సరుకులపై అదనపు సుంకాన్ని మొదట 25 శాతంగా వేసి, 27వ తేదీ నుంచి 50 శాతానికి పెంచింది. అదే ఏడాది అక్టోబరు 14 నుంచి మెత్త కుట్టిన చెక్క ఫర్నిచర్‌పై ప్రత్యేకంగా 25 శాతం సుంకం పెట్టింది. అంటే ఒకే కుర్చీ సీటుకి మెత్త ఉందా లేదా అన్నదాన్ని బట్టి వేర్వేరు లెక్కల్లోకి వెళ్లే పరిస్థితి. ఆ తర్వాత కూడా సుంకాల చర్చలు సాగుతూనే వచ్చాయి. ఈ మార్పుల్ని వారం వారం చూసి, ‘ఈ ఆర్డరు ఈ రేటుకి ఒప్పుకుంటే నష్టం’ అని చెప్పగల ఎగ్జిమ్ ఎగ్జిక్యూటివ్ లేకపోతే ఎగుమతిదారు చీకట్లో రాయి విసిరినట్టే.

దేశంలో చూస్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి వచ్చిన జీఎస్టీ మార్పుల్లో పూర్తిగా వెదురు, పేము, రటాన్‌తో చేసిన ఫర్నిచర్‌పై పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. చెక్క ఫర్నిచర్ మాత్రం 18 శాతంలోనే ఉంది. ఇక్కడ ‘పూర్తిగా’ అన్న మాట కింద గీత గీయండి. చెక్క ఫ్రేముకి పేము సీటు అల్లితే అది ‘పూర్తిగా పేము’ కాదు.

గాలికి కూడా కిరాయి కట్టాలి

ఆన్‌లైన్‌లో కుర్చీలు అమ్మే స్టార్టప్ పెడదామన్న ఆలోచన ఉందా? ముందు ఈ లెక్క చూడండి. కొరియర్ సంస్థలు అసలు బరువుతో పాటు, పెట్టె పరిమాణం బట్టి వచ్చే బరువునీ చూసి, ఏది ఎక్కువైతే దానికి వసూలు చేస్తాయి. సాధారణంగా పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. పూర్తిగా బిగించిన డైనింగ్ కుర్చీ పెట్టె 50, 55, 80 సెంటీమీటర్లు అనుకుంటే 44 కిలోలు వస్తుంది. కుర్చీ నిజమైన బరువు ఆరు కిలోలే! మిగతాదంతా గాలి. అదే కుర్చీని విడదీసి 80, 50, 15 సెంటీమీటర్ల పెట్టెలో పెట్టగలిగితే లెక్క 12 కిలోలకి దిగుతుంది.

థోనెట్ పెట్టె ఇప్పుడు గుర్తొచ్చిందా? 1859లో ఓడకి పనికొచ్చిన తెలివే ఇవాళ కొరియర్‌కి పనికొస్తోంది. కొన్నవాళ్లు ఇంట్లో స్క్రూడ్రైవర్‌తో పది నిమిషాల్లో బిగించుకునేలా, బిగించాక ఊగకుండా ఉండేలా జాయింట్ తయారుచేయడం ఈ వ్యాపారంలో కష్టమైన పని. యాప్ చేయడం దానికన్నా తేలిక. అర్బన్ ల్యాడర్ మంచి డిజైన్, మంచి వెబ్‌సైట్ ఉన్న పేరున్న సంస్థ. 2020లో రిలయన్స్ రిటైల్ దానిలో 96 శాతం వాటాను సుమారు 182 కోట్ల రూపాయలకి కొనేసింది. ఫర్నిచర్‌ని ఆన్‌లైన్‌లో అమ్మడం ఒంటరిగా లాక్కురావడం ఎంత బరువో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

బొమ్మ మీది.. హక్కు ఎవరిది?

చండీగఢ్ నగరం కడుతున్న 1950లలో పియరీ జెన్నరే బృందం అక్కడి ఆఫీసుల కోసం టేకు, పేముతో కుర్చీలు తయారుచేయించింది. మన వర్క్‌షాపుల్లో, మన వడ్రంగుల చేతుల మీదుగా వచ్చినవే. తర్వాత పాతబడ్డాయని చాలా కుర్చీల్ని తుక్కు కింద వేలం వేశారు. అవే విదేశీ వేలంపాటల్లో లక్షల రూపాయలు పలికాయి. 2011లో కేంద్ర హోంశాఖ ఈ వారసత్వ ఫర్నిచర్ ఎగుమతిని నిషేధించాల్సి వచ్చింది. వాటి రూపం మీద చేసిన కుర్చీలు ఇప్పుడు ‘చండీగఢ్ కుర్చీ’ పేరుతో ఎక్కడెక్కడో అమ్ముడవుతున్నాయి. వాటిని చెక్కిన వడ్రంగుల పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు.

మీ కుర్చీకి అలా జరగకూడదంటే డిజైన్ల చట్టం, 2000 గురించి తెలియాలి. వస్తువు రూపాన్ని రిజిస్టర్ చేస్తే పదేళ్ల రక్షణ, పొడిగిస్తే ఇంకో ఐదేళ్లు. మొత్తం 15. వ్యక్తులకి, స్టార్టప్‌లకి దరఖాస్తు రుసుము వెయ్యి రూపాయలు. డిజైన్ల విభాగం కోల్‌కతాలోని పేటెంట్ ఆఫీసులో ఉంది. కుర్చీలు 06-01 తరగతిలోకి వస్తాయి.

ఒక్క హెచ్చరిక. దరఖాస్తు చేయడానికి ముందే ఆ డిజైన్ బయటికి వచ్చేస్తే కొత్తదనం పోయినట్టే. అంటే కాలేజీ ప్రాజెక్టు కుర్చీ ఫొటో ముందు ఇన్‌స్టాలో పెట్టి, లైకులు వచ్చాక రిజిస్ట్రేషన్‌కి వెళ్తే చట్టం ఒప్పుకోదు. ముందు దరఖాస్తు, తర్వాత పోస్టు. ఈ క్రమం గుర్తుపెట్టుకోండి.

నాణేనికి రెండో వైపు

ఇదంతా చదివి రేపే ఫర్నిచర్ కంపెనీలు క్యాంపస్‌కి వచ్చేస్తాయనుకోవద్దు. ఈ రంగంలో పెద్ద భాగం చిన్న వర్క్‌షాపులే. వాటికి హెచ్‌ఆర్ విభాగం ఉండదు, ఆఫర్ లెటర్ ఆలస్యంగా రావచ్చు, మొదటి జీతం ఐటీ ప్యాకేజీతో పోటీ పడకపోవచ్చు. చెక్క పొడి, యంత్రాల చప్పుడు ఉంటాయి. ఏసీ గది మాత్రమే ఉద్యోగం అనుకునేవారికి ఇది నప్పదు.

నాణ్యతా ఉత్తర్వు మీదా ఒక ప్రశ్న వేసుకోవాలి. బీఐఎస్ లైసెన్సు అంటే ఫ్యాక్టరీ తనిఖీ, నమూనాల పరీక్ష, రికార్డులు. పెద్ద కంపెనీకి ఇది ఒక ఫైలు. పది మంది పనిచేసే వర్క్‌షాపుకి పెద్ద భారం. చేతిలో అద్భుతమైన పనితనం ఉండి కూడా, కాగితం లేక వెనకబడిపోయే వడ్రంగులు ఉంటారు. నాణ్యత పేరుతో వచ్చిన నిబంధన పనితనం ఉన్నవాడినే బయటికి నెట్టేస్తే అది నష్టమే.

సరిగ్గా ఈ చోటే మీ అవసరం ఉంది. ఐదారు వర్క్‌షాపులకి కలిపి డ్రాయింగులు గీసి, తేమ రికార్డులు పెట్టి, పరీక్షలకి నమూనాలు పంపి, లైసెన్సు దరఖాస్తు నడిపించే ఇద్దరు ముగ్గురు పట్టభద్రుల బృందాన్ని ఊహించుకోండి. దీనికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. వడ్రంగిని ‘మేస్త్రీ గారూ’ అని పిలిచి, ఆయన దగ్గర నేర్చుకునే ఓపిక కావాలి. ఆయనకి తెలిసింది ఏ పుస్తకంలోనూ లేదు. మీకు తెలిసింది ఆయనకి ఎవరూ చెప్పలేదు.

హైదరాబాద్‌లో 2018 ఆగస్టులో ఐకియా దేశంలోనే తన మొదటి స్టోర్ తెరిచింది. 51 శాతానికి మించి విదేశీ పెట్టుబడి ఉన్న సింగిల్ బ్రాండ్ రిటైల్ సంస్థలు 30 శాతం సరుకు ఇక్కడే సేకరించాలన్న నిబంధన ఉంది. అలాంటి సంస్థకి సరఫరా చేయాలంటే నాణ్యతతో పాటు కార్మికుల భద్రత, పర్యావరణం మీద వాళ్ల సొంత నియమావళి కూడా పాటించాలి. అక్కడా అదే సంగతి: చేయగలిగితే చాలదు, చేశామని చూపించగలగాలి.

ఈ సెమిస్టర్‌లో ఏం చేయొచ్చు?

ముందుగా బీఐఎస్ వెబ్‌సైట్‌కి వెళ్లండి. భారతీయ ప్రమాణాలు అక్కడ ఉచితంగా దొరుకుతాయి. ఐఎస్ 17632 దించుకుని చదవండి. మొదట విసుగ్గా ఉంటుంది. మూడోసారికి మీ హాస్టల్ మెస్‌లో కుర్చీ ఎందుకు ఊగుతోందో అర్థమవుతుంది.

తర్వాత ఒకే ఒక్క కుర్చీ తీసుకోండి. ఇంట్లోదైనా సరే. కొలతలు తీయండి. సీటు ఎత్తు 450 మిల్లీమీటర్ల దగ్గర ఉందా, బల్లకీ సీటుకీ మధ్య 280-300 మిల్లీమీటర్ల ఖాళీ ఉందా చూడండి. క్యాడ్‌లో గీయండి. బరువు లెక్క, జాయింట్ మీద బలం, తేమకి సీటు కదలిక, పెట్టె పరిమాణం, కస్టమ్స్ కోడ్, జీఎస్టీ రేటు.. అన్నీ కలిపి నాలుగు పేజీల ఫైలు చేయండి. దగ్గరలోని వర్క్‌షాపు మేస్త్రీకి చూపించి, తప్పులు చెప్పించుకోండి. ఆయన చెప్పిన సవరణలు కూడా ఫైల్లో రాయండి. పది సర్టిఫికెట్ల కన్నా ఈ నాలుగు పేజీలే ఇంటర్వ్యూలో ఎక్కువ మాట్లాడతాయి.

చదువు కొనసాగించాలంటే, డిగ్రీ ఏదైనా సీడ్ పరీక్ష రాసి ఐఐటీల్లో డిజైన్ పీజీ చేయొచ్చు. ఐఐటీ హైదరాబాద్‌లోనూ డిజైన్ విభాగం ఉంది. ఇంటర్ చదివే తమ్ముడో చెల్లెలో ఉంటే ఎన్ఐడీ ఆంధ్రప్రదేశ్‌లో ఇండస్ట్రియల్ డిజైన్ గురించి చెప్పండి. చేత్తో, యంత్రంతో పని నేర్చుకోవాలంటే బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీకి అనుబంధంగా అధునాతన వుడ్‌వర్కింగ్ శిక్షణ కేంద్రం ఉంది. ఫర్నిచర్ అండ్ ఫిట్టింగ్స్ స్కిల్ కౌన్సిల్ గుర్తించిన కోర్సులూ ఉన్నాయి. చేరేముందు ఫీజు, వ్యవధి, చేరాక యంత్రం మీద ఎన్ని గంటలు పని చేయిస్తారో అడగండి. మూడో ప్రశ్నకి వచ్చే జవాబును బట్టే నిర్ణయించుకోండి.

ఉద్యోగం వెతికేటప్పుడు ‘ఫర్నిచర్’ అని ఒక్క మాటే కొట్టకండి. ప్రొడక్ట్ డెవలప్‌మెంట్, క్వాలిటీ, సీఎన్‌సీ ప్రోగ్రామింగ్, సోర్సింగ్, కంప్లయన్స్, ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంటేషన్.. ఈ పేర్లతో వెతకండి. కుర్చీ కోసం నేర్చుకున్న తేమ, బలం, ప్రమాణం, పన్ను, హక్కుల పాఠాలు తలుపులకీ, బొమ్మలకీ, ప్యాకేజింగ్‌కీ కూడా పనికొస్తాయి. ఒక వస్తువుని పూర్తిగా తెలుసుకున్నవాడికి రెండో వస్తువు తేలిక.

‘మీకు ఏం వచ్చు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే చాలామంది సాఫ్ట్‌వేర్ల పేర్లు చెబుతారు. మీరు ఫైలు తెరిచి, ‘ఈ కుర్చీ ఎందుకు విరగదో చెప్పగలను, ఎక్కడికి ఎలా పంపాలో కూడా చెప్పగలను’ అనండి. తర్వాతి ప్రశ్నలు ఆ ఫైలు మీదే వస్తాయి. జవాబులన్నీ మీరు చేత్తో కొలిచినవే.